ఉదయం యోగా, వెంటనే స్ప్రింట్ సాధన: పిల్లల వేగంపై ప్రభావం ఎలా ఉంటుంది?

ప్రశ్న: మైదానం మాస్టారు

అందరికీ నమస్కారం. నేను ఒక గురుకుల పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల వయసున్న పిల్లలకు 100 మీటర్లు, 200 మీటర్లు, హర్డిల్స్, లాంగ్ జంప్‌లలో శిక్షణ ఇస్తుంటాను. ఈ విద్యాసంవత్సరం నుంచి మా పాఠశాలలో తెల్లవారగానే అందరూ ముప్పావు గంటసేపు యోగా చేయాలన్న నియమం వచ్చింది. పశ్చిమోత్తానాసనం, ఉత్తానాసనం, ఉపవిష్ట కోణాసనం చేయిస్తున్నారు; కొందరు పిల్లలు హనుమానాసనం (ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కీ పూర్తిగా చాచి నేలకు ఆనించేది) వరకు కూడా వెళ్తున్నారు. ఒక్కో ఆసనంలో ఒకటి నుంచి రెండు నిమిషాలు కదలకుండా నిలవాలని యోగా గురువుగారు చెబుతారు. అది ముగియగానే పిల్లలు నేరుగా మైదానానికి వచ్చి స్టార్టింగ్ బ్లాక్స్ (పరుగు ఆరంభంలో పాదాలు ఆనించే దిమ్మెలు) దగ్గర నిలబడతారు.

ఇది మొదలైనప్పటి నుంచి స్ప్రింట్ రోజుల్లో కాళ్లు బరువుగా, పట్టు లేనట్లుగా ఉన్నాయని పిల్లలు అంటున్నారు. నా స్టాప్‌వాచ్ మీద 100 మీటర్ల సమయాలు కూడా కొందరికి 0.2 సెకన్ల వరకు పెరిగాయి. కొన్ని నెలలు ఓపిక పడితే వేగం దానంతట అదే వస్తుందని యోగా గురువుగారి అభిప్రాయం. యోగా వల్ల కండరాలు మెత్తబడిపోతాయి కాబట్టి తమ పిల్లలను మినహాయించాలని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కోరుతున్నారు. నాకు మాత్రం యోగాను మాన్పించాలని లేదు, ఎందుకంటే పిల్లలు రాత్రిళ్లు బాగా నిద్రపోతున్నారు, పోటీల ముందు కంగారు తగ్గింది, నడుము నొప్పి అనేవారు కూడా తగ్గారు. వేగం, ఎక్స్‌ప్లోసివ్ పవర్ (ఒక్కసారిగా బలాన్ని వెలువరించే శక్తి) విషయంలో యోగా నిజంగా చేసే మేలు ఏమిటి, కీడు ఏమిటి, దాన్ని ఏ వేళలో పెడితే మంచిదో అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: స్పీడ్ ఫిజియో

మాస్టారూ, మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. యోగా చేసిన వెంటనే, అంటే ఆ గంటలోపు, వేగం ఏమవుతుందన్నది ఒకటి. నెలల తరబడి యోగా చేసిన శరీరంలో వేగం ఏమవుతుందన్నది మరొకటి. ఈ రెండింటికీ సమాధానాలు వేరు. యోగా గురువుగారు రెండో దాని గురించి, తల్లిదండ్రులు మొదటి దాని గురించి మాట్లాడుతున్నారు కాబట్టే వారి మాటలు కలవడం లేదు.

మొదటి విషయానికి వస్తే, కండరాన్ని సాగదీసి కదలకుండా పట్టి ఉంచడాన్ని స్టాటిక్ స్ట్రెచింగ్ అంటాం. వ్యాయామ శాస్త్ర పరిశోధకుడు డేవిడ్ బెమ్, ఆయన సహచరులు అప్పటివరకు వచ్చిన పరిశోధనలను 2016లో క్రోడీకరించి చూసినప్పుడు, అలా సాగదీసిన కొద్ది నిమిషాల తర్వాత పెట్టిన బలం, జంప్ వంటి పరీక్షల్లో ఫలితాలు సగటున 3.7 శాతం తగ్గాయని, కదులుతూ చేసే డైనమిక్ స్ట్రెచింగ్ తర్వాత 1.3 శాతం పెరిగాయని తేలింది. మీకు పనికొచ్చే వివరం ఇంకొకటి అందులో ఉంది. ఒక్కో కండరాన్ని మొత్తం 60 సెకన్లు లేదా అంతకు మించి సాగదీసినప్పుడు తగ్గుదల 4.6 శాతం కాగా, 60 సెకన్ల లోపు ఆపితే 1.1 శాతమే. మీరు పేర్కొన్న ఆసనాల్లో మొదటి మూడూ, హనుమానాసనంలో ముందుకు చాచిన కాలూ సాగదీసేది ప్రధానంగా తొడ వెనుక కండరాలనే. ఒక్కో దానిలో ఒకటి రెండు నిమిషాలంటే ఆ ఒక్క కండర సముదాయమే ఉదయాన్నే నాలుగైదు నిమిషాలు సాగిందన్నమాట, స్ప్రింటర్‌కు అన్నింటికంటే ఎక్కువగా గాయపడేదీ అదే. పిల్లలు కాళ్లలో పట్టు లేదనడం ఊహ కాదు, వారి మాటను నమ్మండి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, దీర్ఘంగా సాగదీసిన తర్వాత కొంతసేపు నాడీ వ్యవస్థ ఆ కండరానికి పంపే ఉత్తేజం తగ్గుతుంది, కండరమూ, దాన్ని ఎముకకు కలిపే టెండన్ కలిసిన అమరికలోని బిగువు కూడా తగ్గుతుంది. అగ్రశ్రేణి స్ప్రింటర్ గరిష్ఠ వేగంతో పరుగెత్తేటప్పుడు పాదం నేలను తాకి ఉండేది సెకనులో పదో వంతు కంటే తక్కువ సమయం. కండరం తన పూర్తి బలాన్ని కూడగట్టుకోవడానికి దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. అంటే ఎంత బలం ఉందన్నదాని కంటే, ఉన్న బలంలో ఎంత భాగాన్ని ఆ క్షణంలో నేలకు అందించగలరన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ పాదం నేలను తాకినప్పుడు శక్తిని దాచుకుని, పైకి లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. నులక వదులైన మంచం మీద కూర్చుంటే దిగబడిపోయినట్లు, బిగువు తగ్గిన కాలు నేల మీద ఎక్కువసేపు ఉండిపోతుంది.

అయితే పై శాతాలను మీ పిల్లల 100 మీటర్ల సమయానికి నేరుగా అన్వయించకండి. ఆ పరీక్షల్లో అధిక భాగం సాగదీసిన వెంటనే, మధ్యలో సరైన వార్మప్ లేకుండా జరిగినవి. సాగదీసిన తర్వాత చురుకైన కదలికలతో పూర్తి వార్మప్ చేస్తే ఆ నష్టంలో చాలా భాగం పూడుతుంది. మీ పిల్లలు యోగా చాప మీద నుంచి నేరుగా బ్లాక్స్ దగ్గరికి వస్తున్నారని రాశారు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అంచనా.

ఇక రెండో ప్రశ్న. క్రమం తప్పకుండా నెలల తరబడి సాగదీసే సాధన వల్ల వేగం తగ్గుతుందన్న భయానికి ఆధారం లేదు. సాధనకు ముందు చేసే సాగదీత ఫలితాన్ని తగ్గించవచ్చు గానీ, దీర్ఘకాలం చేసే సాగదీత బలాన్నీ జంప్‌నూ కొంత మెరుగుపరుస్తుందని ఇయాన్ ష్రయర్ 2004లోనే ఒక సమీక్షలో రాశారు. కళాశాల స్థాయి పురుష క్రీడాకారులు 26 మందిపై జరిగి 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పది వారాలు యోగా చేసిన బృందానికి ఒంటి వంపు, ఒంటికాలి మీద నిలకడ మెరుగుపడ్డాయి. ఆ ఫలితాలు చెప్పింది వంపు గురించి, నిలకడ గురించి. అవి స్ప్రింట్ వేగం గురించిన నిరూపణలు కావు. యోగా వేగాన్ని పెంచుతుందని ప్రచారం చేసేవారు ఇలాంటి అధ్యయనాలనే ఉటంకించడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే యోగా చేసే అసలైన మేలు ఆ అతిశయోక్తిలో మరుగున పడుతోంది.

వేగంగా పరుగెత్తేవారికీ నిదానంగా పరుగెత్తేవారికీ తేడా కాళ్లను గాలిలో తిప్పే చురుకుదనంలో కంటే, నేలను తాకిన కొద్ది సమయంలో ఎంత బలంగా తొక్కుతారన్నదానిలో ఎక్కువగా ఉందని పీటర్ వేయాండ్ బృందం 2000లో చూపించింది. ఆ బలం రావాలంటే పూర్తి వేగంతో పరుగులు తీయాలి, దూకాలి, బరువులెత్తాలి. ఆసనంలో కండరం నెమ్మదిగా, ఉన్న చోటనే పనిచేస్తుంది కాబట్టి ఆ శిక్షణ దాని వల్ల లభించదు. నెలలు గడిచినా యోగా ఒక్కటే పిల్లల 100 మీటర్ల సమయాన్ని తగ్గించదు. కానీ తుంటి ముందు భాగం బిగుసుకుపోయి కాలు వెనక్కి పూర్తిగా చాచలేని పిల్లవాడికి, చీలమండ సరిగా వంగక బ్లాక్స్‌లో ఇబ్బంది పడే పిల్లవాడికి అది దారి సుగమం చేస్తుంది.

సమాధానం: భస్త్రిక

ఫిజియో గారు శాస్త్రీయంగా వివరించారు, కృతజ్ఞతలు. చాలాకాలంగా యోగా నేర్పుతున్న వ్యక్తిగా నాకు ఒక అభ్యంతరం ఉంది. యోగా అనగానే సాగదీత మాత్రమే అన్నట్లు చర్చ నడుస్తోంది. సూర్య నమస్కారాలను లయబద్ధంగా, ఆగకుండా చేయించినప్పుడు అవి డైనమిక్ వార్మప్‌కు చాలా దగ్గరగా ఉంటాయి. గత శతాబ్దం తొలి భాగంలో ఔంధ్ సంస్థానాధీశుడు భవాన్‌రావు పంత్ ప్రతినిధి వాటిని పాఠశాలల్లో ప్రచారం చేసినది కూడా దేహదారుఢ్యం కోసమే. మాస్టారి పాఠశాలలో ఉదయం వేళ దీర్ఘమైన ఆసనాలు పెట్టడం ఎంపికలో జరిగిన పొరపాటు, దాన్ని యోగా దోషంగా చూడకూడదు.

ప్రాణాయామం సంగతి కూడా చెప్పాలి. పుదుచ్చేరిలోని జిప్మర్ వైద్య సంస్థలో డాక్టర్ మదన్‌మోహన్ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనంలో, 27 మంది విద్యార్థులు పన్నెండు వారాలు యోగా చేసిన తర్వాత శబ్దానికి స్పందించే సమయం సగటున 194 మిల్లీసెకన్ల నుంచి 157కి, కాంతికి స్పందించే సమయం 270 నుంచి 225కి తగ్గింది. 2003లో అదే సంస్థ నుంచి వచ్చిన మరో అధ్యయనంలో, 22 మంది పాఠశాల బాలురు ముఖ భస్త్రిక (బలంగా శ్వాస వదిలే ప్రాణాయామం) చేసిన వెంటనే కూడా ఈ సమయాలు తగ్గాయి. తుపాకీ శబ్దానికి బ్లాక్స్ నుంచి లేవాల్సిన పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. భస్త్రిక చేయించేటప్పుడు పిల్లలకు కుంభకం (శ్వాస బిగబట్టడం) పెట్టవద్దు, ఖాళీ కడుపుతో కూర్చోబెట్టి కొద్ది ఆవృత్తులే చేయించాలి, తల తిరుగుతున్నదంటే వెంటనే ఆపాలి.

సమాధానం: స్పీడ్ ఫిజియో

మీ అభ్యంతరం సబబైనదే, సూర్య నమస్కారాల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. జిప్మర్ అధ్యయనాలు కూడా విలువైనవే. అయితే అవి క్రీడాకారులు కాని విద్యార్థులపై జరిగినవి, అక్కడ కొలిచినది చిన్న సంకేతానికి ఇచ్చే చిన్న స్పందన. బ్లాక్స్ నుంచి మొత్తం దేహాన్ని ముందుకు నెట్టడం వేరే పని. శబ్దం తర్వాత 0.100 సెకన్ల లోపు కదిలితే అది ఫాల్స్ స్టార్ట్ (తొందరపడిన ఆరంభం) కాబట్టి, స్పందనలో లాభానికి నిబంధనల్లోనే ఒక హద్దు ఉంది. 2022లో అమెరికాలోని యూజీన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌లో డెవాన్ ఆలెన్ 0.099 సెకన్లకు కదిలినందుకు అనర్హుడయ్యాడు.

2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల 100 మీటర్ల ఫైనల్‌ను కూడా గుర్తు చేసుకోండి. నోవా లైల్స్ స్పందన సమయం 0.178 సెకన్లు, ఫైనల్‌లో అతి నెమ్మదైన వాటిలో ఒకటి. అయినా 9.784 సెకన్లతో, 9.789 తీసిన కిషేన్ థాంప్సన్‌ను దాటి అతనే గెలిచాడు. 0.005 సెకన్లతో పతకం రంగు మారిన పోటీలో స్పందన లెక్కలోకి రాదని నేను అనను, కానీ అత్యధిక సమయం గడిచేది పరుగులోనే. పాఠశాల స్థాయిలో మాత్రం పిల్లల స్పందన ఒక్కో రోజు ఒక్కో రకంగా ఉంటుంది. దాన్ని నిలకడగా ఉంచడానికి శ్వాస సాధన ఉపకరిస్తే తప్పకుండా చేయించండి.

సమాధానం: కుడి వింగ్

నేను ఫుట్‌బాల్ ఆటగాడిని, నాది చిన్న మాట. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడిన రయాన్ గిగ్స్ తొడ వెనుక కండరాల గాయాలతో సతమతమై, ఆ తర్వాత యోగా వల్లనే నలభై ఏళ్ల వయసు వరకు ఆడగలిగానని బహిరంగంగా చెప్పాడు. ఆయన యోగాకు ఆపాదించినది ఆటలో ఎక్కువ కాలం నిలవడాన్ని. మైదానంలో ఉండగలిగితేనే వేగానికి శిక్షణ సాధ్యమవుతుంది కాబట్టి, ఆ కోణాన్ని కూడా పరిగణనలోకి తీసుకోండి.

సమాధానం: పదో హర్డిల్

నేను ఒకప్పుడు విశాఖపట్నంలో 100 మీటర్ల హర్డిల్స్ సాధన చేశాను. ఇప్పుడు చిన్న పిల్లలకు నేర్పుతున్నాను. చర్చ అంతా స్ప్రింటర్ల చుట్టూ తిరుగుతోంది, కానీ మాస్టారి దగ్గర హర్డిలర్లు కూడా ఉన్నారు, వారి అవసరం భిన్నమైనది. మహిళల విభాగంలో 83.8 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిల్స్ ఉంటాయి. మొదటిది 13 మీటర్ల దూరంలో, ఆ తర్వాత ప్రతి 8.5 మీటర్లకు ఒకటి. ముందు కాలు నిటారుగా చాపి, వెనుక కాలిని తుంటి దగ్గర పక్కకు తెరిచి, మోకాలిని చంక వైపు లాగుతూ, నడుము పైకి లేవకుండా దాటాలి. తుంటి తెరుచుకోని అమ్మాయి హర్డిల్ మీద నుంచి ఎగురుతుంది, అంటే గాలిలో ఉండే సమయం పెరుగుతుంది, వేగం అక్కడే పోతుంది. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో తడిసిన ట్రాక్ మీద 13.09 సెకన్లతో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచిన పరుగు వీడియోను నెమ్మదిగా నడిపి చూపిస్తే, ఈ మాట పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

అందువల్ల హర్డిలర్లకు ఆంజనేయాసనం, బద్ధకోణాసనం, ఏకపాద రాజకపోతాసనం వంటివి నేరుగా అక్కరకు వస్తాయి. కానీ నేను గమనించిన ఒక ప్రమాదాన్ని ఇక్కడ రాయకుండా ఉండలేను. పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉండే పిల్లలు కొందరు ఉంటారు. వారు హనుమానాసనంలో మొదటి వారంలోనే నేలకు తాకుతారు, అందరూ మెచ్చుకుంటారు, ఆ మెప్పు కోసం వారు ఇంకా లోతుకు వెళ్తారు. వారికి కావలసినది ఎక్కువ వంపు కాదు, ఉన్న వంపును అదుపులో పెట్టగల బలం. అలాంటి పిల్లలకు వీరభద్రాసనం, ఉత్కటాసనం, నౌకాసనం, ఒంటికాలి మీద నిలిచే ఆసనాలు ఇచ్చి, లోతైన సాగదీతను తగ్గించండి. ఎవరు ఎంత వంగగలిగారన్న పోటీని యోగా తరగతిలో రానీయవద్దని యోగా గురువుగారికి వినయంగానే, కానీ స్పష్టంగా చెప్పండి.

మైదానం మాస్టారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఉదయపు యోగా వేళను మార్చడం నా చేతిలో లేదు, కానీ ఏ ఆసనాలు చేయించాలన్నది యోగా గురువుగారితో కూర్చుని మాట్లాడుకోవచ్చు, ఆయన సహృదయులు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. మార్పు చేసిన తర్వాత నిజంగా మెరుగుపడిందో లేదో స్టాప్‌వాచ్‌తో తెలుస్తుందా? అలాగే, మా స్ప్రింటర్లలో ఒక కుర్రవాడు పశ్చిమోత్తానాసనం చేసిన తర్వాత, తరగతిలో బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా పిరుదు కింద ఎముక దగ్గర నొప్పిగా ఉందంటున్నాడు. సాగదీస్తే పోతుందని తోటివారు చెబితే మరింతగా సాగదీస్తున్నాడు.

సమాధానం: స్పీడ్ ఫిజియో

వేళ మారకపోయినా ఫరవాలేదు, ఉదయం చేయించే ఆసనాలు మారితే చాలు. స్ప్రింట్, జంప్ సాధన ఉన్న రోజుల్లో ఉదయం సూర్య నమస్కారాలు, నిలబడి చేసే బలమైన ఆసనాలు, భస్త్రిక గారు చెప్పిన జాగ్రత్తలతో ప్రాణాయామం ఉంచండి; ఏ కండరాన్నీ ఒక విడతలో 20, 30 సెకన్లకు మించి పట్టవద్దు, మొత్తం మీద నిమిషం దాటవద్దు. మైదానానికి వచ్చాక కనీసం పావు గంట వార్మప్ పెట్టండి: నెమ్మది పరుగు, కాళ్లు ఊపడం, హై నీస్ (మోకాళ్లు పైకెత్తే పరుగు), స్కిప్స్ (గెంతుతూ నడక), కొద్దిగా బౌండింగ్ (పెద్ద అంగలతో దూకుతూ సాగడం), క్రమంగా వేగం పెంచే మూడు నాలుగు స్ట్రైడ్స్ (చిన్న పరుగులు). ఆ తర్వాతే బ్లాక్స్. దీర్ఘంగా నిలిచే ఆసనాలను సాయంత్రానికి లేదా విశ్రాంతి రోజుకు మార్చండి, ఎందుకంటే నిద్ర, మానసిక ప్రశాంతత విషయంలో మీరు గమనించిన మేలు అప్పుడు పూర్తిగా దక్కుతుంది. పూర్తి వేగంతో చేసే సాధనల మధ్య దాదాపు 48 గంటల విరామం ఉండాలి కాబట్టి, ఆ మధ్య రోజులు యోగాకు చక్కగా సరిపోతాయి.

యోగాతో పాటు తొడ వెనుక కండరాలు సాగుతూనే బలాన్ని చూపే వ్యాయామం ఒకటి తప్పక ఉండాలి. మోకాళ్ల మీద నిలబడి, చీలమండలను తోటివాడు పట్టుకోగా దేహాన్ని నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలే నార్డిక్ వ్యాయామాన్ని శిక్షణలో చేర్చిన జట్లలో ఈ గాయాలు సుమారు సగానికి తగ్గాయని 2019 నాటి ఒక క్రోడీకరణ చెబుతోంది. వారానికి ఒకటి రెండు సార్లు, చాలా తక్కువ సంఖ్యతో మొదలుపెట్టండి. మొదట్లో కండరాలు బాగా నొప్పి పెడతాయి, అందుకే పోటీల ముందు వారంలో కొత్తగా ప్రారంభించవద్దు.

కొలత విషయానికి వస్తే, చేతి గడియారంతో తీసిన 100 మీటర్ల సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చడానికి 0.24 సెకన్లు కలపడం రివాజు. మనిషి వేలు అంత ఆలస్యం చేస్తుంది, పైగా ఆ ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉండదు. కాబట్టి మీరు చూసిన 0.2 సెకన్ల తేడాలో కొంత మీ వేలిది, కొంత గాలిది కూడా అయి ఉండవచ్చు. పరుగు లేకుండా, గుంట అంచున నిలబడి ఇసుకలోకి దూకే లాంగ్ జంప్‌ను టేపుతో కొలవడం మీకు ఇంతకంటే నమ్మదగిన పరీక్ష. దానిలో ఎక్స్‌ప్లోసివ్ పవర్ నేరుగా కనిపిస్తుంది, వేలి ఆలస్యం ఉండదు. పాత పద్ధతి యోగా చేసిన రోజున, కొత్త పద్ధతి చేసిన రోజున, రెండూ విశ్రాంతి తర్వాతి రోజులే అయ్యేలా చూసి, ఒకే వేళలో, ఒకే వార్మప్ తర్వాత ప్రతి పిల్లవాడితో మూడేసి జంప్‌లు చేయించి రాసుకోండి. వేగం కోసమైతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, పరుగు అందుకున్న తర్వాతి 20 లేదా 30 మీటర్లకు ఎన్ని ఫ్రేములు పట్టాయో లెక్కించవచ్చు.

ఆ కుర్రవాడి నొప్పి గురించి మాత్రం ఇవాళే చర్య తీసుకోండి. తొడ వెనుక కండరాలు పుట్టే చోటు పిరుదు కింద కూర్చునే ఎముక దగ్గరే ఉంటుంది. ఈ వయసులో అక్కడి ఎదుగుదల భాగం ఇంకా పూర్తిగా ఎముకలో కలిసిపోయి ఉండదు కాబట్టి, లోతైన సాగదీతతో పాటు పూర్తి వేగపు స్ప్రింట్‌లు కూడా పడితే అక్కడ వాపు రావచ్చు, ఒక్కోసారి ఎముక ముక్క ఊడి రావచ్చు కూడా. ముందుకు వంగే ఆసనాలన్నీ, స్ప్రింట్‌లు, జంప్‌లు అతనికి పూర్తిగా ఆపించండి, సాగదీస్తే తగ్గుతుందన్న సలహాను ఎవరూ ఇవ్వకుండా చూడండి. ఎముకల వైద్యునికి చూపించి ఎక్స్‌రే తీయించండి. పరుగు మధ్యలో టప్పుమన్న శబ్దంతో నొప్పి మొదలైందేమో అడగండి. అవునంటే ఆలస్యం చేయకుండా ఆ రోజే తీసుకెళ్లండి, ఆ వివరాన్ని వైద్యునికి తప్పకుండా చెప్పండి. తిరిగి పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఆ ఎక్స్‌రే చూశాక వైద్యుడే నిర్ణయించాలి. జిల్లా పోటీల తేదీని బట్టి నిర్ణయించవద్దు.